పీట మీంచి లేవగలనా?

పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను రెండు రోజులు స్థిమితంగా పని చేసుకోనివ్వలేదు. రాసిన సోదరి పేరూ ఊరూ చెప్పను. తొడలో గడ్డ తీయించుకుని రెండు నెలలైందట. "కుట్లు మానిపోయాయి. రిపోర్టు మంచిదే వచ్చింది. గండం గడిచిందని అందరూ సంతోషిస్తున్నారు. కానీ అక్కా, నేను బాత్రూంలోంచి లేవాలంటే మా అమ్మాయి చెయ్యి అందించాలి. ఇక నా బతుకు ఇంతేనా?" అని అడిగింది.

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ మీతో ఊరగాయలు, చలికాలం చర్మం, పిల్లల పరీక్షలు, పనిమనిషి నాగాలు అన్నీ మాట్లాడాను. నా కాలి సంగతి మాత్రం ఎప్పుడూ రాయలేదు. తొడ గురించి పదిమందిలో ఏం రాస్తాంలే అన్న సిగ్గు ఒకటి, అయిపోయిందిగా మళ్ళీ ఎందుకు అన్న బద్ధకం ఒకటి. ఆ ఉత్తరం చదివాక రెండూ పోయాయి. చెల్లెమ్మా, ఇది నీకే రాస్తున్నాను. మిగతావాళ్ళు కూడా చదవండి.

2022 దసరా ముందు తలస్నానానికి ఒళ్ళంతా నూనె రాసుకుంటుంటే కుడితొడ మీద నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగిలింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. నొప్పి లేదు కాబట్టే ఊరుకున్నాను. చీర కుచ్చెళ్ళ కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది? సంక్రాంతికి కమలాపండంత అయింది. మా ఆయనతో చెప్తే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రి అంటే డబ్బు, అబ్బాయి ఇంటర్ ఫీజు కట్టాల్సిన ఏడాది. అలా లెక్కలు వేసుకుంటూ మరో రెండు నెలలు. చివరికి దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే, ఆయన చీర మీంచే చూసి, "కొవ్వు గడ్డమ్మా, ఏం కాదు" అని పంపించేశాడు. నాకూ కావలసింది ఆ మాటే. ఆ మాట పట్టుకుని ఎండాకాలం గడిపేశాను.

తర్వాత పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కోప్పడుతూ చెప్పిన సంగతి మీరు కాగితం మీద రాసిపెట్టుకోండి. ఒంట్లో ఎక్కడైనా గడ్డ అయిదు సెంటీమీటర్లు దాటినా, రోజురోజుకీ పెరుగుతున్నా, చర్మం కింద కాకుండా లోపల కండలో ఉన్నట్టనిపించినా, నొప్పి ఉన్నా లేకపోయినా చూపించుకోవాలి. నొప్పి లేకపోతే మంచిదని అర్థం కాదు. నా గడ్డ మామూలుగా ఉన్నప్పుడు చేత్తో కదిపితే కాస్త కదిలేది, తొడ బిగిస్తే బిగుసుకుపోయి కదిలేది కాదు. అంటే కండలోపల ఉందన్నమాట. ఎమ్మారై తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా పది రోజులు నేను వండిన కూరల్లో ఉప్పు ఎక్కువో తక్కువో ఎవరూ అడగలేదు. క్యాన్సర్ కాదు, కొవ్వు గడ్డే. క్లినిక్ ఆయన మాట నిజమే అయింది, కానీ చూడకుండా చెప్పిన నిజం అది. ఆ గడ్డ కండ పోగుల మధ్యకి వేళ్ళలా పాకింది కాబట్టి చుట్టూ కొంత కండ కూడా తీయాల్సి వస్తుందన్నారు. 2023 జూలైలో, సికింద్రాబాద్ బోనాలు అయిపోయిన వారానికి ఆపరేషన్ జరిగింది.

అసలు కథ ఇంటికి వచ్చాక మొదలైంది.

మాది హబ్సిగూడలో రెండో అంతస్తు. ముప్పై నాలుగు మెట్లు, లిఫ్టు లేదు. మా ఆయనా, మా మరిదీ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు. గుమ్మం దగ్గరే మా అత్తమ్మ దిష్టి తీసి, "ఇంక రెండు నెలలు మంచం దిగకు బిడ్డా. కదిలితె కుట్లు ఊడుతయి" అంది. ఆమె ప్రేమకి వంక పెట్టను. నా ముప్పూటలా తిండి మంచం దగ్గరికే తెచ్చింది, నా బట్టలు ఉతికింది. డెబ్బై దాటిన మనిషి. నేను కూడా హాయిగానే పడుకున్నాను, నిజం చెప్పొద్దూ! పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో పగటిపూట అంత నిద్ర ఎప్పుడూ పోలేదు. డిశ్చార్జి కాగితంలో వ్యాయామాలు అని ఒక లైను ఉంది. అవి ఏమిటో, ఎలా చెయ్యాలో నాకెవరూ చేసి చూపించలేదు, నేనూ అడగలేదు. వాకర్ పట్టుకుని బాత్రూందాకా, మళ్ళీ మంచం దాకా. అంతే నా ప్రపంచం.

అయిదో వారంలో ఒక తెల్లవారుజామున ఎవర్నీ లేపడం ఎందుకని, వాకర్ కూడా వదిలేసి గోడ పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాను. కుడికాలి మీద బరువు వేయగానే మోకాలు మడత మంచంలా ముడుచుకుపోయింది. నొప్పి పుట్టి కాదు. కాలు అక్కడ లేనట్టే అయింది. కిందపడ్డాను. దెబ్బ పెద్దగా తగల్లేదు గానీ లేవలేకపోయాను. ఎడమకాలు ఊని, బకెట్ పట్టుకుని, కుళాయి పట్టుకుని ఎన్ని విధాలుగానో ప్రయత్నించాను. పదహారేళ్ళ కొడుకు వచ్చి, కళ్ళు పక్కకి తిప్పుకుని, చంకల కింద చేతులు వేసి నన్ను లేపాడు. వాడేం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

ఆ రోజంతా నాకు మా అమ్మే గుర్తొచ్చింది. భువనగిరిలో మా అమ్మ తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకుంది. ఎముక అతికింది. కానీ "పడతావు, పడతావు" అని మేమంతా ఆమెని మంచానికే కట్టేశాం. ఆరు నెలలకి కాళ్ళు పుల్లలయ్యాయి. మళ్ళీ సొంతంగా లేచి వాకిట్లోకి రాలేదు. ఏడాదిన్నరకి పోయింది. ఎముక బాగైన మనిషి ఎందుకు లేవలేదో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

మర్నాడే ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ముందు కుట్లు చూసి, బాగున్నాయని తేల్చి, ఫిజియోథెరపీకి పంపారు. వారానికి రెండుసార్లు స్కూటీ మీద ఇంటికొచ్చే ఒక అమ్మాయి కుదిరింది. ఫీజు నా చీటీ డబ్బుల్లోంచి కట్టాను. ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయేమో. వస్తూనే, "ఆంటీ, ఇంట్లో కొలిచే టేపు ఉందా?" అంది. నాకు కుట్టుమిషన్ ఉంది, జాకెట్లు కుడతాను. ఆ టేపే ఇచ్చాను. మోకాలి చిప్ప పై అంచు నుంచి జానెడు పైకి రెండు కాళ్ళ మీదా పెన్నుతో గీత గీసి చుట్టుకొలత తీసింది. ఎడమతొడ 20 అంగుళాలు. కుడితొడ పద్దెనిమిదింపావు. చేతులకీ నడుముకీ ఎన్ని వేలసార్లు కొలతలు తీశానో, నా ఒంట్లోనే ఒకే మనిషికి రెండు కొలతలుంటాయని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇందులో డాక్టరు తీసిన కండ కొంతే ఆంటీ. మిగతాది మీరు మంచం మీద పోగొట్టుకున్నది" అంది. కోపమొచ్చింది. కానీ నిజం. వారం పదిరోజులు కదలకపోతేనే తొడకండ సన్నబడటం మొదలవుతుందట. ఒంట్లో తొందరగా కరిగే కండల్లో ఇదొకటి.

తొడ ముందుభాగంలో నాలుగు పాయల కండ ఉంటుంది. క్వాడ్రిసెప్స్ అంటారు. నాలుగు పాయలూ కలిసి మోకాలి చిప్పని పట్టుకుని, అక్కణ్ణించి కింద కాలి ఎముకకి అతుక్కుంటాయి. కుర్చీలోంచి లేపేది ఈ కండే. నిలబడ్డప్పుడు మోకాలు ముడుచుకుపోకుండా ఆపేదీ ఇదే. మెట్లు దిగేటప్పుడు మన బరువుని పట్టి మెల్లిగా కిందికి వదిలేదీ ఇదే. అందుకే ఈ కండ నీరసిస్తే ఎక్కడం కంటే దిగడానికి ఎక్కువ భయం వేస్తుంది. నాకు ఒక పాయలో కొంత పోయింది. పోయినది మళ్ళీ మొలవదు. మిగిలిన పాయలకి బలం పట్టిస్తే అవే ఆ పని కూడా చేస్తాయి. ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు పుట్టింటికి పోతే మిగతావాళ్ళు పొయ్యి దగ్గరికి చేరతారు చూడండి, అలాగన్నమాట.

మొదటి వారం పని చూస్తే మీకు నవ్వొస్తుంది. మంచం మీద కాళ్ళు చాపుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, ఆ తువ్వాలుని మోకాలితో మంచానికేసి అదమాలి. తొడ బిగిసినట్టు తెలియాలి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదిలెయ్యాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఇంతేనా అనుకున్నాను. తీరా చేస్తే నా తొడ నా మాట వినలేదు. బిగించమంటే పిరుదులు బిగుసుకుంటున్నాయి, దవడలు బిగుసుకుంటున్నాయి, తొడ మాత్రం పిండిముద్దలా మెత్తగా ఉంది. ఆ అమ్మాయి ముందు ఎడమకాలు బిగించమని, ఆ తర్వాత రెండూ కలిపి బిగించమని చెప్పింది. కండ మీద నా చెయ్యి పెట్టించి, "మీ చేతిని పైకి నెట్టండి" అంది. నాలుగో రోజుకి చేతికింద చీమ కదిలినంత కదలిక తెలిసింది. అత్తమ్మని పిలిచి ఆమె చెయ్యి పెట్టించాను. "ఆఁ, ఉన్నది ఉన్నది, పానం ఉన్నది" అంది.

తర్వాత, వెల్లకిలా పడుకుని, ఎడమ మోకాలు మడిచి పెట్టుకుని, కుడికాలు మోకాలు వంగకుండా జానెడు పైకి లేపడం. మొదట్లో మడమ లేస్తే మోకాలు కిందికి జారేది. మోకాలు జారితే ఆ లెక్క చెల్లదు. మూడో వారంలో అయిదు చెల్లాయి. ఆ తర్వాత మంచం అంచున కూర్చుని కాలు నిటారుగా చాపడం. అది పదిహేనుసార్లు తేలిగ్గా వచ్చాక, గుడ్డసంచిలో పావుకిలో కందిపప్పు పోసి చీలమండకి కట్టుకున్నాను. పావుకిలో అరకిలో అయింది, అరకిలో కిలో అయింది. బరువు కట్టుకునేది రోజు విడిచి రోజు. కండకి పనితో పాటు విశ్రాంతీ కావాలి. బజార్లో ఇసక సంచులు అమ్ముతారట, నా వంటింట్లో పప్పు ఉండగా నాకెందుకు?

అన్నిటికంటే నాకు పనికొచ్చింది కుర్చీ. రెండు దిళ్ళు వేసి ఎత్తు చేసిన కుర్చీని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, లేచి నిలబడి, మళ్ళీ మెల్లగా కూర్చోవాలి. ధబీమని కూలబడకూడదు. కొన్నాళ్ళకి ఒక దిండు తీసెయ్యాలి, ఇంకొన్నాళ్ళకి రెండోది. దీంట్లో ఒక పరీక్ష కూడా ఉంది. మామూలు కుర్చీలో ముప్పై సెకన్లలో చేతుల సాయం లేకుండా ఎన్నిసార్లు లేస్తామో లెక్కపెట్టడం. అరవై నుంచి అరవైనాలుగేళ్ళ ఆడవాళ్ళు పన్నెండు కంటే తక్కువసార్లు లేస్తే బలం తక్కువ కింద లెక్క అట. నలభయ్యారేళ్ళ నేను దిళ్ళు తీసేసిన మొదటిరోజు ఎన్నిసార్లు లేచానో తెలుసా? అయిదు! మా అత్తమ్మ సరదాగా చేసి ఎనిమిది లేచింది. ఆ రోజు నుంచి ఇంట్లో పోటీ మొదలైంది.

నేను తెలివిగా, "కుట్టుమిషన్ తొక్కితే సరిపోదా?" అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "అది చీలమండకీ పిక్కకీ పని ఆంటీ, తొడకి పెద్దగా పని పడదు. అయినా తొక్కండి, మీ మనసుకి మంచిది" అంది. రెండు నెలల తర్వాత మిషన్ ముందు కూర్చుని పక్కింటావిడ జాకెట్ ఒకటి పూర్తి చేశాను. మనసుకి మంచిదే!

మెట్ల సంగతి చెప్పాలి. చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలో మనలో చాలామందికి తెలీదు. ఆపరేషన్ అయిన కాలు వైపే పట్టుకుంటాం. అది తప్పు. నాకు కుడికాలు కాబట్టి కర్ర ఎడమచేతిలో ఉండాలి, కుడికాలుతో పాటే కర్ర ముందుకి పడాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు నొప్పికాలు ముందు. నేను తికమక పడుతుంటే మా వాడు వంటింటి గుమ్మం మీద సుద్దముక్కతో రాసిపెట్టాడు: 'పైకి మంచి, కిందికి చెడ్డ' అని. ఇంటికొచ్చిన చుట్టాలు అదేదో వేదాంతం అనుకున్నారు.

ఇక తిండి. ఇది వంటల పత్రిక కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

కుట్లున్నన్నాళ్ళూ నాకు పథ్యం పెట్టారు. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు, వంకాయ దురద, గోంగూర అసలు వద్దు. ఇక మిగిలిందేమిటి? బీరకాయ, పొట్లకాయ, చారు, మెత్తటి అన్నం. మీ ఇళ్ళలోనూ ఇంతే అని నాకు తెలుసు. డాక్టరమ్మని అడిగితే తలపట్టుకుంది. పప్పుకీ చీముకీ సంబంధం లేదు, గాయం మానాలన్నా కండ పట్టాలన్నా మాంసకృత్తులే కావాలి, మీరు వాటినే ఆపేశారు అంది.

మా ఇంటికి కూతవేటు దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చిందది. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ 1918లోనే. దేశం మొత్తానికీ ఎవరెంత తినాలో లెక్కకట్టి చెప్పే సంస్థని గోడ పక్కన పెట్టుకుని నేను బీరకాయ పథ్యం తిన్నాను. వాళ్ళ 2020 లెక్క ప్రకారం మామూలు ఆరోగ్యంతో ఉన్న మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. నా బరువు 62 కిలోలు, పైగా ఆపరేషన్. నన్ను 70 గ్రాముల దాకా తినమన్నారు. నా పథ్యం భోజనాన్ని కాగితం మీద లెక్కవేస్తే పాతిక దాటలేదు.

అప్పుడు ఇలా మార్చుకున్నాను. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, 13 గ్రాములు. పెసరట్లకి గుప్పెడు అంటే 50 గ్రాముల పెసలు, 12 గ్రాములు. మధ్యాహ్నం ముద్దపప్పో ఆకుకూర పప్పో, 50 గ్రాముల పప్పుకి 11. పాలూ పెరుగూ కలిపి అరలీటరు, 16. సాయంత్రం గుప్పెడు పల్లీలు, 7. అన్నంలో వచ్చేది 11, 12. మొత్తం 70. గుడ్డు తినని ఇళ్ళలో ఉలవలు, సోయా గింజలు, పనీరు ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా మాంసకృత్తులు పెంచొద్దు.

మా సర్వపిండి కూడా మార్చేశాను. మామూలుగా గ్లాసు బియ్యప్పిండికి ఒక గుప్పెడు శనగపప్పు వేస్తాం కదా. నేను గ్లాసు బియ్యప్పిండికి గ్లాసు పెసరపిండి, అరగ్లాసు నానబెట్టిన శనగపప్పు, గుప్పెడు కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, పచ్చిమిర్చి ముద్ద, ఉప్పు వేసి కలుపుతాను. నీళ్ళు కాస్త తక్కువ పోయాలి, పెసరపిండి జారుతుంది. గిన్నెకి నూనె రాసి పల్చగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూతపెట్టి సన్నసెగ మీద కాల్చాలి. మాడువాసన రాకముందే దించండి. మా అత్తమ్మ మొదటిరోజు "ఇది సర్వపిండి కాదు" అంది. రెండోరోజు అడిగి వేయించుకుంది.

ఆ అక్టోబరులో బతుకమ్మ వచ్చింది. మా వీధి చివర ఆడతారు. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. మూడు నెలలకి నేను కర్ర పట్టుకుని మెట్లు దిగి అంతదూరం వెళ్ళడమే గొప్ప అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. వంగి చప్పట్లు కొడుతూ అడుగు పక్కకి వేసే ఆటలో ప్రతి అడుగూ తొడ మీదే పడుతుందని ఆ రోజు కూర్చుని చూస్తేనే తెలిసింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆడాను, ఎప్పుడైనా గమనించానా?

ఇంటికొచ్చి టీవీలో ఏదో పాత బాడ్మింటన్ ఆట వేస్తుంటే చూశాను. మన హైదరాబాదు సైనా నెహ్వాల్‌కి 2016 ఆగస్టులో, రియో ఒలింపిక్స్ అయిపోగానే మోకాలికి ఆపరేషన్ జరిగింది. నవంబరుకల్లా మళ్ళీ కోర్టులో ఉంది, 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచింది, ఆ ఆగస్టులో ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చింది. ఆమెది మోకాలు, నాది తొడ. ఆమె వయసు వేరు, ఆమె వెనక ఫిజియోలూ కోచ్‌లూ ఉంటారు. నా వెనక మూడు విజిళ్ళు కొట్టిన కుక్కర్ ఉంటుంది. పోల్చుకోవడం తప్పే. అయినా ఆ పిల్ల ముందుకి అడుగేసి వంగి షటిల్ తీసినప్పుడల్లా నా కళ్ళు షటిల్ మీద లేవు, తొడ మీద ఉన్నాయి.

నవంబరు నుంచి పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌కి నడక మొదలుపెట్టాను. మా ఆయన తార్నాక వైపు బండి మీద దింపేవారు. మొదటి వారం వంద అడుగులు వేసి చెట్టు కింద ఆగడం, మళ్ళీ వంద. కర్ర చూసి విద్యార్థులు పక్కకి తప్పుకునేవారు. డిసెంబరు చివరికి ఆర్ట్స్ కాలేజీ దాకా చేరాను. 1939లో తెరిచిన ఆ గులాబీరంగు రాతి కట్టడం ముందు ఎన్నిసార్లు ఫోటోలు దిగామో! ఈసారి నేను చూసింది దాని మెట్లని. ఎక్కలేదు. వారం తర్వాత, కర్ర ఎడమచేతిలో పట్టుకుని, 'పైకి మంచి' అనుకుంటూ ఎక్కాను. దిగేటప్పుడు సగంలో కాలు వణికింది. అక్కడే కూర్చున్నాను, వణుకు తగ్గాక దిగాను. హబ్సిగూడ మెట్రో స్టేషన్లో లిఫ్టు వదిలి మెట్లెక్కింది మాత్రం 2024 మార్చిలో. మా చెల్లెలు అమీర్‌పేటలో ఉంటుంది, తనకి ఫోన్ చేసి చెప్తే, "అక్కా, లిఫ్టు పాడైందా?" అంది.

రోజూ ముందుకే వెళ్ళాననుకోకండి. జనవరిలో ఉత్సాహం ఎక్కువై రెండు కిలోలు కట్టుకుని కాలు లేపాను. మోకాలు వాచింది, నాలుగు రోజులు పోయాయి. ఫిజియో అమ్మాయి చెప్పిన కొలత ఏమిటంటే, మర్నాడు తొడకండ తీపులు తీస్తే ఫరవాలేదు. మోకాలు వాచినా, నొప్పి ఒకరోజు దాటి ఉన్నా చేసింది ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించుకోవాలి. ఇంకో సంగతి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడితే అది వ్యాయామం నొప్పి కాదు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆయాసం, గుండెల్లో నొప్పి తోడైతే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మంచం మీద కదలకుండా ఉండేవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ. "కదిలితే కుట్లు ఊడతాయి" అనే పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పండి.

చెల్లెమ్మా, ఇప్పుడు నీ ప్రశ్న. బాత్రూంలోంచి ఎప్పుడు లేవగలను అన్నావు. నేను చేసింది చెప్తాను. పడమటి తలుపున్న మా బాత్రూంలో గోడకి స్టీలు కడ్డీ బిగించుకున్నాం, కాళ్ళపీట తీసేసి ఎత్తుస్టూలు పెట్టుకున్నాం. అందులో నామోషీ ఏమీ లేదు. కుర్చీ, తర్వాత స్టూలు, తర్వాత ఎత్తుపీట, చివరికి పూజగదిలో పీట. ఒక్కో మెట్టూ దిగడానికి నాకు నెలా రెండు నెలలు పట్టింది. నేల మీంచి లేవడానికి ముందు ఒక పక్కకి ఒరిగి, చేతుల మీదా మోకాళ్ళ మీదా వచ్చి, కుర్చీ పట్టుకుని మంచికాలి పాదం ముందు ఊని లేవడం ఆ అమ్మాయి నేర్పింది. పడితే ఎలా లేవాలో తెలిశాక పడతానన్న భయం సగం తగ్గింది. కానీ ఇవన్నీ నాకు, నా కాలికి చెప్పినవి. నీకు ఎంత కండ తీశారో, ఎక్కడ తీశారో నీ డాక్టరుకి తెలుసు. ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో ముందు అడుగు. కాగితం మీద రాసిస్తే సరిపోదు, చేసి చూపించమని అడుగు. నేను అడక్కపోవడం వల్ల అయిదు వారాలు పోగొట్టుకున్నాను.

నా కాలు పూర్తిగా పాతకాలు అవలేదు. మొన్న ఆదివారం టేపు పెట్టి కొలిస్తే ఇంకా ముప్పావు అంగుళం తేడా ఉంది. మచ్చ పక్కన అరచేయంత మేర తిమ్మిరిగానే ఉంటుంది, చీమ కుట్టినా తెలీదు. గొంతుక్కూర్చుని ముగ్గు వెయ్యాలంటే అయిదు నిమిషాలు దాటితే కాలు వణుకుతుంది, అందుకని చుక్కలు తగ్గించుకున్నాను. కుర్చీ పరీక్షలో మాత్రం ముప్పై సెకన్లకి పదహారు. అత్తమ్మ పదకొండు దగ్గర ఆగింది. మోకాళ్ళ నొప్పి అని సాకు చెప్తోంది.

2024 సద్దుల బతుకమ్మకి నాలుగు చుట్లు ఆడాను. అయిదో చుట్టు మధ్యలో కుడితొడ మొండికేసింది. పక్కకి వచ్చి అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను, కాసేపటికి చేతుల సాయం లేకుండా లేచి ఇంటికొచ్చాను. మెట్లెక్కుతుంటే పైనుంచి మా వాడు, "అమ్మా, రానా?" అని కేకేశాడు. "వద్దులే, అన్నం పెట్టుకో" అన్నాను.

చెల్లెమ్మా, టేపు తీసుకుని చిప్పపైన జానెడు దగ్గర రెండు కాళ్ళూ కొలిచి, ఆ రెండు అంకెలూ తేదీతో సహా రాసి నాకు పంపించు. పై నెల మళ్ళీ అదే చోట కొలుద్దాం.

వచ్చేవారం ఉసిరికాయ పచ్చడి. గింజ తీయకుండా పెట్టే పద్ధతి చాలామంది అడిగారు, అది రాస్తాను.